ఇంకెన్నేళ్ల ఓపిక?

2021 సీజన్ ముగిసేసరికి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ పట్టికలో అట్టడుగున రెండు మెల్‌బోర్న్ జట్లు ఉన్నాయి. కాలింగ్‌వుడ్ 17, నార్త్ మెల్‌బోర్న్ 18. రెండేళ్లు తిరిగాయి. 2023 సెప్టెంబరు 30న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో లక్ష మంది చూస్తుండగా కాలింగ్‌వుడ్ జట్టు బ్రిస్బేన్‌ను 4 పాయింట్ల తేడాతో ఓడించి కప్పు ఎత్తింది. అదే ఏడాది నార్త్ మెల్‌బోర్న్ వరసగా 20 మ్యాచ్‌లు ఓడింది. ఓడిపోతున్న జట్టు అభిమాని పడే యాతనంతా ఈ రెండు కథల మధ్యే ఉంది. కాలింగ్‌వుడ్‌ను చూస్తే రెండేళ్లు చాలనిపిస్తుంది. నార్త్‌ను చూస్తే ఇంకెన్నేళ్లని అడగాలనిపిస్తుంది.

జట్టు దిగజారినప్పుడు ప్రతి క్లబ్బూ అభిమానులను అడిగేది ఒక్కటే: జట్టును మళ్లీ మొదటినుంచి కట్టుకుంటున్నాం, కాస్త ఓపిక పట్టండి. అలా అడిగే హక్కు క్లబ్బుకు ఎప్పుడుంటుంది, ఎప్పుడు పోతుంది? అభిమాని కోపం జట్టుకు చెరుపు చేస్తుందా, మేలు చేస్తుందా? గత నలభై ఏళ్లలో ఈ లీగ్‌లో జరిగినదంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. ఎప్పుడు గెలుస్తామో ఏ క్లబ్బూ మాట ఇవ్వలేదు. ఎందుకు ఓడుతున్నామో మాత్రం దాపరికం లేకుండా చెప్పగలదు. అలా చెప్పిన క్లబ్బులకే జనం ఓపిక పట్టారు, ఆ ఓపికకు ఫలితమూ దక్కింది. చెప్పనిచోట ఏళ్లకేళ్లు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి.

ఆట తెలియని వారికోసం రెండు ముక్కలు. కోలగా ఉండే పెద్ద మైదానం, జట్టుకు 18 మంది, రెండు కొసలా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే 1. 1859లో మెల్‌బోర్న్‌లో ఈ ఆటకు నియమాలు రాసుకున్నారు. 1897లో విక్టోరియా రాష్ట్రంలోని 8 క్లబ్బులతో మొదలైన లీగే ఇవాళ 18 జట్ల జాతీయ లీగ్ అయింది. అక్కడి జనం దీన్ని ఫుటీ అంటారు. చాలా ఇళ్లలో జట్టు ఎంచుకుంటే వచ్చేది కాదు, ఇంటిపేరులా తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది. ఇంకో విశేషం, విక్టోరియా క్లబ్బుల్లో అత్యధికం సభ్యులవే. ఏటా డబ్బు కట్టి సభ్యత్వం తీసుకునే అభిమానికి బోర్డు ఎన్నికలో ఓటు ఉంటుంది. అందుకే అక్కడ అభిమాని ప్రేక్షకుడిగా మిగిలిపోడు, చిన్నపాటి యజమానిగా లెక్క అడుగుతాడు.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. 18 జట్లు, ఏటా ఒక్కటే కప్పు. అదృష్టం అందరికీ సమంగా పంచినా ఒక్కో జట్టుకు 18 ఏళ్లకోసారి దక్కాలి. అంటే డెబ్బై ఏళ్లు బతికిన అభిమానికి మహా అయితే నాలుగు కప్పులు. వాస్తవంలో అదృష్టం అలా సమంగా రాదు. సౌత్ మెల్‌బోర్న్ 1933లో గెలిచింది, 1982లో ఊరు మారి సిడ్నీకి వెళ్లింది, మళ్లీ గెలిచింది 2005లో. నడుమ 72 ఏళ్లు. ఫుట్స్‌క్రే 1954లో గెలిచి, వెస్టర్న్ బుల్‌డాగ్స్‌గా పేరు మార్చుకుని, మరో కప్పు చూసేసరికి 2016 వచ్చింది. మెల్‌బోర్న్ 1964 నుంచి 2021 దాకా, జీలాంగ్ 1963 నుంచి 2007 దాకా, రిచ్‌మండ్ 1980 నుంచి 2017 దాకా ఎదురుచూశాయి. ఇన్ని దశాబ్దాల ఎదురుచూపు ఈ ఆటలో వింతేం కాదు. అందుకే బాగోలేని ఒక్క ఏడాదికి అభిమాని కుంగిపోడు. ఎటు పోతున్నామో తెలియని అయిదారేళ్లు అతణ్ని నలిపేస్తాయి.

ఆశకు లీగ్ ఇచ్చిన పెద్ద పూచీ డ్రాఫ్ట్. 1986లో మొదలైన ఈ పద్ధతిలో చివరి స్థానంలో నిలిచిన జట్టు దేశంలోని కుర్రాళ్లలో మొదట తనకు కావలసిన వాణ్ని ఎంచుకుంటుంది. దానికి తోడు జీతాలకు గరిష్ఠ పరిమితి ఉంది. డబ్బున్న క్లబ్బు ఆటగాళ్లందరినీ కొనేసుకోకుండా, దిగువన ఉన్నవాళ్లు వంతులవారీగా పైకి రావడానికి చేసిన ఏర్పాటిది. కాగితం మీద న్యాయంగానే ఉంది. కానీ చివర నిలిచినవాడికి మొదటి ఎంపిక అన్నప్పుడు, ఓడటం కూడా లాభసాటి అవుతుంది. అభిమాని మనసును రెండుగా చీల్చింది ఇదే.

ఈ చీలిక 2023 ఆగస్టులో పచ్చిగా బయటపడింది. సీజన్‌లో చివరి వారం. పెర్త్ జట్టు వెస్ట్ కోస్ట్‌వి 3 విజయాలు, నార్త్‌వి 2. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అందరి కళ్లూ హార్లీ రీడ్ అనే కుర్రాడి మీదే. నార్త్ హోబర్ట్‌లో గోల్డ్ కోస్ట్ చేతిలో ఓడితే రీడ్ తమవాడయ్యే అవకాశం, గెలిస్తే చేజారిపోయే ప్రమాదం. ఇరవై వారాలుగా గెలుపు ఎరగని జట్టు అది. మైదానంలో ఉన్న ఆటగాళ్లకు డ్రాఫ్ట్ లెక్కలు అక్కరలేదు, వాళ్లు గెలిచారు. నార్త్ వెస్ట్ కోస్ట్‌ను దాటింది, రీడ్ పెర్త్ వెళ్లాడు. ఆ రాత్రి నార్త్ అభిమానుల్లో ఆనందపడ్డవాళ్లూ ఉన్నారు, తలపట్టుకున్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు గెలిచిన ఆ జట్టే సరైన పని చేసింది. తమ జట్టు ఓడాలని అభిమాని కోరుకోవలసి రావడమంటే, ఆ వారం టికెట్టు కొన్నందుకు అతనికి దక్కవలసిన కనీస ఆనందాన్ని లాగేసుకోవడమే.

పైగా మొదటి ఎంపిక దక్కితే కష్టాలు తీరతాయన్న నమ్మకానికి చరిత్రలో ఆధారం బహు తక్కువ. కార్ల్‌టన్ సంగతే చూడండి. 16 కప్పుల ఘన చరిత్ర. 2002లో జీతాల పరిమితి దాటినందుకు 9 లక్షల డాలర్ల పైచిలుకు జరిమానా కట్టింది, ముఖ్యమైన డ్రాఫ్ట్ ఎంపికలు పోగొట్టుకుంది. ఆ ఏడాదే తన చరిత్రలో మొదటిసారి చిట్టచివర నిలిచింది. ఆ తర్వాత 2005లో మార్క్ మర్ఫీ, 2006లో బ్రైస్ గిబ్స్, 2007లో మాథ్యూ క్రూజర్, వరసగా మూడేళ్లు దేశంలో మొదటి ఎంపికలు కార్ల్‌టన్‌వే. ముగ్గురూ మంచి ఆటగాళ్లు. మర్ఫీ 300 మ్యాచ్‌లు ఆడాడు. ముగ్గురిలో ఒక్కరూ కప్పు తేల్చే గ్రాండ్ ఫైనల్ ఆడలేదు. 2015లో జేకబ్ వైటరింగ్, 2018లో సామ్ వాల్ష్, మళ్లీ రెండు మొదటి ఎంపికలు. ఈలోగా డెనిస్ పాగన్, బ్రెట్ రాటెన్, మిక్ మాల్ట్‌హౌస్, బ్రెండన్ బోల్టన్, డేవిడ్ టీగ్, అయిదుగురు కోచ్‌లను ఒకరి తర్వాత ఒకరిని తొలగించారు. ప్రతి కోచ్ తన లెక్క ప్రకారం మళ్లీ మొదలుపెట్టాడు, కార్ల్‌టన్ అభిమాని ప్రతిసారీ మళ్లీ ఓపిక పట్టాడు. 1995 తర్వాత ఆ క్లబ్బు ఇంకో కప్పు చూడలేదు.

మెల్‌బోర్న్ క్లబ్బు కథ ఇంకా చేదు. 2009లో నాలుగే విజయాలతో ముగించి, అప్పటి నిబంధనల పుణ్యాన మొదటి రెండు ఎంపికలూ దక్కించుకుంది. ఆ ఏడాది కావాలనే ఓడారన్న ఆరోపణ మీద లీగ్ విచారణ జరిపింది. కావాలని ఓడినట్టు తేల్చలేదు గానీ, 2013లో క్లబ్బుకు 5 లక్షల డాలర్ల జరిమానా వేసి, అప్పటి కోచ్ డీన్ బెయిలీని, ఫుట్‌బాల్ విభాగం అధికారి క్రిస్ కానలీని సస్పెండ్ చేసింది. అంత అప్రతిష్ఠ మూటగట్టుకుని తెచ్చుకున్న మొదటి ఎంపిక టామ్ స్కలీ రెండేళ్లు ఆడి కొత్త జట్టు గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి వెళ్లిపోయాడు. 2011 జులైలో జీలాంగ్ చేతిలో మెల్‌బోర్న్ 186 పాయింట్ల తేడాతో ఓడింది. 186 అన్న అంకె వింటే ఆ జట్టు అభిమానులకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. ఇందులో గమనించవలసిన సంగతి మరొకటుంది. స్కలీని తెచ్చిన అదే 2009 డ్రాఫ్ట్‌లో 34వ ఎంపికగా ఒక పొడుగాటి కుర్రాణ్ని తీసుకున్నారు. పేరు మాక్స్ గాన్. 2021లో కప్పు ఎత్తిన కెప్టెన్ అతనే. మొదటి ఎంపిక కోసం పరువు పోగొట్టుకున్నారు, నిలబెట్టినవాడు 34వ ఎంపికలో వచ్చాడు.

డ్రాఫ్ట్ ఇచ్చే పూచీని పలచన చేసిన మార్పులు ఇంకా ఉన్నాయి. 2012 నుంచి ఫ్రీ ఏజెన్సీ వచ్చింది, ఒప్పందం ముగిసిన సీనియర్ ఆటగాడు తనకు నచ్చిన క్లబ్బుకు పోవచ్చు. బలహీనమైన జట్టు నుంచి బలమైన జట్టుకు పోవడానికే ఎక్కువమంది చూస్తారు, అది మానవ సహజం. క్లబ్బు పూర్వ ఆటగాడి కొడుకును ఆ క్లబ్బే తీసుకునే వెసులుబాటూ ఉంది. 2021లో నార్త్ మొదటి ఎంపికగా జేసన్ హోర్న్-ఫ్రాన్సిస్‌ను తీసుకుంటే, కాలింగ్‌వుడ్‌కు అదే డ్రాఫ్ట్‌లో 4వ ఎంపికగా, పూర్వ ఆటగాడి కొడుకు హోదాలో నిక్ డెయికాస్ వచ్చాడు. హోర్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కు వెళ్లిపోయాడు. డెయికాస్ రెండో ఏటే కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. రెండు జట్లకీ అట్టడుగు ఒకటి కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. కాలింగ్‌వుడ్ 2018లో గ్రాండ్ ఫైనల్ ఆడిన జట్టు, దాని వెన్నెముక అలాగే ఉంది, క్రెయిగ్ మెక్‌రే అనే కొత్త కోచ్ దాన్ని నిటారుగా నిలబెట్టాడు. నార్త్‌కు వెన్నెముకే కొత్తగా పెరగాలి. తమది ఏ రకం పతనమో అభిమానికి చెప్పకపోవడం నార్త్ పాలకుల తప్పు. మరో ఏడాది, మరో రెండేళ్లు అని ఊరిస్తూ పోవడం కన్నా, ఇది ఆరేడేళ్ల పని అని 2020లోనే చెప్పి ఉంటే జనం విని ఉండేవారు.

ఎందుకంటే విన్న దాఖలాలు ఉన్నాయి. 2006లో జీలాంగ్ 10వ స్థానంలో ముగించింది. ఏడేళ్లుగా కోచ్‌గా ఉన్న మార్క్ థామ్సన్‌ను పంపేయాలని అభిమానులు గోల చేశారు. క్లబ్బు తనను తాను పైనుంచి కిందిదాకా తనిఖీ చేసుకుంది, లోపాలు ఒప్పుకుంది, కోచ్‌ను మాత్రం ఉంచింది. మరుసటి ఏడాదే పోర్ట్ అడిలైడ్‌ను 119 పాయింట్ల తేడాతో ఓడించింది, గ్రాండ్ ఫైనల్ చరిత్రలో అంత తేడా ఇంకెప్పుడూ లేదు.

పదేళ్ల తర్వాత రిచ్‌మండ్‌లో ఇంచుమించు అదే జరిగింది, ఇంకా తీవ్రంగా. రిచ్‌మండ్ అభిమానుల ఆగ్రహం లోకప్రసిద్ధం. ఒళ్లు మండి సభ్యత్వ కార్డును మైక్రోవేవ్‌లో పెట్టి మాడ్చిన వాళ్ల గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. 2013, 2014, 2015 మూడేళ్లూ పట్టికలో పైనున్న జట్లు కప్పు కోసం ఆడే ఫైనల్స్‌కు చేరి మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టింది. 2016లో 13వ స్థానానికి పడిపోయింది, చివరి మ్యాచ్‌లో సిడ్నీ చేతిలో వందకు పైగా పాయింట్ల తేడాతో ఓడింది. బోర్డును దించేయాలని ఒక వర్గం బయల్దేరింది. అధ్యక్షురాలు పెగీ ఓనీల్, లీగ్‌లో ఒక క్లబ్బుకు అధ్యక్షత వహించిన తొలి మహిళ, బెదరలేదు. కోచ్ డేమియన్ హార్డ్‌విక్‌ను ఉంచి అతని చుట్టూ ఉన్న వ్యవస్థను మార్చారు, అనుభవజ్ఞుడు నీల్ బామ్‌ను ఫుట్‌బాల్ విభాగానికి తెచ్చారు. హార్డ్‌విక్ కూడా తన తీరు మార్చుకున్నాడు. 2017లో రిచ్‌మండ్ అడిలైడ్‌ను 48 పాయింట్ల తేడాతో ఓడించి 37 ఏళ్ల దప్పిక తీర్చుకుంది. 2019, 2020లో మళ్లీ గెలిచింది. 2018లో లక్ష మంది సభ్యులున్న తొలి క్లబ్బు అయింది. ఈ కథను చాలామంది 'కోచ్‌ను మార్చకూడదు' అన్న పాఠంగా చెబుతారు. నాకు అలా తోచదు. ఆ కోపమే లేకపోతే ఆ తనిఖీ అంత నిక్కచ్చిగా జరిగేది కాదు. పాలకులు కోపాన్ని విన్నారు, కోపం కోరిన తలను మాత్రం ఇవ్వలేదు. రెండూ చేయడమే వాళ్ల గొప్ప.

ఓపిక ఒక్కటే ధర్మమని అభిమానికి బోధించేవాళ్లు 1989 అక్టోబరును గుర్తుచేసుకోవాలి. అప్పుల్లో ఉన్న ఫుట్స్‌క్రేను ఫిట్జ్‌రాయ్‌తో కలిపేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. మెల్‌బోర్న్ పశ్చిమాన కార్మికులు, వలసవచ్చిన కుటుంబాలు నివసించే పేటల జట్టది. పీటర్ గోర్డన్ అనే యువ న్యాయవాది ముందు నిలిచాడు. అభిమానులు కోర్టుకెళ్లారు, వీధుల్లో డబ్బాలు పట్టుకుని చందాలు పోగుచేశారు, కొన్ని వారాల్లోనే గడువులోగా డబ్బు కట్టి జట్టును నిలబెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఆ జట్టు ఆటగాడు టోనీ లిబరాటోర్ లీగ్‌లో అత్యున్నత వ్యక్తిగత పురస్కారం బ్రౌన్‌లో పతకం గెలిచాడు. 2016లో కప్పు గెలిచిన జట్టులో అతని కొడుకు టామ్ ఉన్నాడు. 1989లో జనం నోరు మూసుకుని ఓపిక పట్టి ఉంటే ఆ కొడుక్కి ఆడటానికి తండ్రి జట్టే ఉండేది కాదు.

1996లో హాథార్న్‌ను మెల్‌బోర్న్‌తో కలపాలని చూశారు. హాథార్న్ సభ్యుల సమావేశంలో మాజీ కెప్టెన్ డాన్ స్కాట్ కలిపిన జట్టు జెర్సీని పైకెత్తి చూపించాడు. దాని మీద వెల్క్రోతో అంటించిన హాథార్న్ గుర్తును అందరూ చూస్తుండగా పర్రుమని పీకేశాడు. అడుగున మిగిలింది మెల్‌బోర్న్ జెర్సీ. మెల్‌బోర్న్ సభ్యులు విలీనానికి స్వల్ప ఆధిక్యంతో సరేనన్నా, హాథార్న్ సభ్యులు ఒప్పుకోలేదు. ఆ హాథార్న్ 2008లోనూ, 2013 నుంచి వరసగా మూడేళ్లూ కప్పు గెలిచింది. 2007లో నార్త్‌ను గోల్డ్ కోస్ట్‌కు తరలిపొమ్మని లీగ్ పెద్ద మొత్తం ఎరగా చూపింది. జేమ్స్ బ్రేషా నాయకత్వంలో నార్త్ వద్దనుకుని ఇంటిపట్టునే ఉండిపోయింది. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. 8 కప్పులు గెలిచిన ఫిట్జ్‌రాయ్ 1996 సెప్టెంబరు 1న పెర్త్‌లో చివరి మ్యాచ్ ఆడి బ్రిస్బేన్‌లో కలిసిపోయింది. బ్రిస్బేన్ లయన్స్ ఆ తర్వాత 2001, 2002, 2003లో, తిరిగి 2024, 2025లో గెలిచింది. ఆ కప్పుల్లో తమకూ వాటా ఉందనుకునే ఫిట్జ్‌రాయ్ పాతకాపులున్నారు, ఆ రోజు తర్వాత ఫుటీ వైపు తలెత్తి చూడని వాళ్లూ ఉన్నారు. ఇద్దర్నీ తప్పుపట్టలేం.

ఎసెండన్ అభిమానుల బాధ వేరు. వాళ్లది నమ్మకద్రోహం నుంచి పుట్టిన బాధ. 2012లో ఆటగాళ్లకు ఇచ్చిన ఇంజెక్షన్ల వ్యవహారం బయటపడింది. 2013లో లీగ్ క్లబ్బును ఫైనల్స్ నుంచి తప్పించి 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది, కోచ్ జేమ్స్ హర్డ్‌ను ఏడాది సస్పెండ్ చేసింది. 2016 జనవరిలో అప్పటి, పూర్వపు ఆటగాళ్లు 34 మందిపై నిషేధం పడింది. ఆ ఏడాది ఎసెండన్ 1933 తర్వాత మొదటిసారి చిట్టచివర నిలిచింది. అసలు గాయం ఇంకా పాతది. ఎసెండన్ ఫైనల్స్‌లో ఆఖరిసారి ఒక మ్యాచ్ గెలిచింది 2004లో. తర్వాత 2009, 2011, 2014, 2017, 2019, 2021లో ఆరుసార్లు ఫైనల్స్ చేరి ఆరుసార్లూ మొదటి మ్యాచ్‌లోనే ఓడింది. 2004లో పుట్టిన పిల్లలు ఓటు హక్కు వచ్చిన పెద్దవాళ్లయ్యారు, తమ జట్టు ఒక్క ఫైనల్ మ్యాచ్ గెలవడం చూడలేదు. 16 కప్పుల క్లబ్బుకు ఇది మామూలు ఎండాకాలం కాదు. ఏటా ఏదో ఒక మేరకు బాగానే ఆడి, నిజంగా కిందపడకుండా, నిజంగా పైకి రాకుండా నడిమధ్య వేలాడటం కూడా ఒక రకం పతనమే. నార్త్ అభిమానికి కనీసం డ్రాఫ్ట్ రోజున పండగ ఉంటుంది. ఎసెండన్ వాళ్లకు అదీ చాలాకాలం లేదు.

అయినా సోమవారం, మంగళవారం సాయంత్రాలు పని ముగించుకుని క్లబ్బు అభిమాన దళాలు ఒకచోట చేరతాయి. ముడత కాగితం పొడుగు చీలికలను వరసగా పరిచి, అంటుకునే టేపుతో కలిపి, ఒక ఇల్లంత బ్యానర్ తయారుచేస్తాయి. ఒక్కో అక్షరం కత్తిరించి అంటిస్తారు. శనివారం రెండు గడకర్రల మధ్య దాన్ని పైకెత్తి పట్టుకుంటారు, గాలి వస్తే పదిమంది తాళ్లు లాగిపట్టుకోవాలి. ఆటగాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి దాన్ని చీల్చుకుని మైదానంలోకి వెళ్లిపోతారు. అయిదారు సెకన్ల పని. ఆ తర్వాత జట్టు వంద పాయింట్లతో ఓడినా సరే, వచ్చేవారం బ్యానర్‌కు ఏం రాయాలో ఆలోచించడం మొదలుపెడతారు. గెలిచిన జట్టు బ్యానర్, ఓడిన జట్టు బ్యానర్ తయారవడానికి పట్టే సాయంత్రాలు అవే. అభిమానిని ఓపిక పట్టమని అడిగేముందు క్లబ్బు ఈ సాయంత్రాలు లెక్కపెట్టాలి.

సెయింట్ కిల్డా అభిమానులు దీనికి తిరుగులేని సాక్ష్యం. 1897, 1898, 1899 మూడు సీజన్లలో ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఇప్పటిదాకా 27 సార్లు చిట్టచివర. గెలిచిన కప్పు ఒక్కటే, 1966లో కాలింగ్‌వుడ్ మీద, ఒక్క పాయింటు తేడాతో. 2009లో గ్రాండ్ ఫైనల్ ఓడారు. 2010లో 68-68 సమంగా ముగిసి, వారం తర్వాత మళ్లీ ఆడి ఓడారు. అలాంటి జట్టు 2025 జులైలో మెల్‌బోర్న్‌తో ఆడుతూ మూడో పాదం ముగిసేసరికి 46 పాయింట్లు వెనకబడి ఉంది. చివరి పాదంలో ఒక్కో గోల్ తిరిగొచ్చింది. చివరి సెకన్లలో స్కోరు సమమైంది, మెల్‌బోర్న్ ఆటగాళ్ల మోహరింపులో తప్పిదానికి అంపైర్ ఫ్రీ కిక్ ఇచ్చాడు, బంతి నసాయా వాంగనీన్-మిలెరా చేతికి చిక్కింది, సైరన్ మోగాక అతను తన్నిన బంతి స్తంభాల నడుమ నుంచి పోయింది. అంత లోటు నుంచి చివరి పాదంలో గెలిచిన జట్టు ఆ లీగ్ చరిత్రలో అంతకుముందు లేదు. అడిలైడ్ నగరపు క్లబ్బులు ఆ కుర్రాణ్ని రమ్మని అప్పటికే కన్నేసి ఉన్నాయి. కొన్ని వారాలకే అతను సెయింట్ కిల్డాలోనే ఉంటానని సంతకం చేశాడు. ఆ జట్టు ఆ ఏడాది ఫైనల్స్‌కు రాలేదు. ఐనా ఆ అభిమానులకు కప్పంత విలువైన వార్త ఆ సంతకమే. మంచి ఆటగాడు ఉండిపోతానన్నాడంటే, లోపలినుంచి చూసినవాడికి ఏదో నమ్మకం కుదిరిందన్నమాట.

కోపానికి హద్దు లేదా అంటే, ఉంది. లెక్క చెప్పవలసిన పాలకుల మీద పడవలసిన కోపం పంతొమ్మిదేళ్ల ఆటగాడి ఫోన్‌లోకి బూతులై వచ్చిపడటం ఈ రోజుల్లో మామూలైపోయింది. దాన్ని అభిమానం అనకూడదు. సిడ్నీ జట్టు ఆదివాసీ ఆటగాడు ఆడం గుడ్స్‌ను 2015లో ప్రత్యర్థుల అభిమానులు వారాల తరబడి మైదానాల్లో ఎగతాళిగా అరిచి వేధించారు. ఏడాది ముందే దేశం అతన్ని 'ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్'గా గౌరవించింది. ఆ సీజన్ చివర అతను ఆటనుంచి తప్పుకున్నాడు. 2019లో లీగ్, 18 క్లబ్బులూ క్షమాపణ చెప్పాయి. ఆలస్యపు క్షమాపణే అయినా, స్టాండ్‌లో లేచే గొంతు ఎంత నష్టం చేయగలదో ఆ ఆట ఒప్పుకుంది.

మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వంటి పేటల్లో మన తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి. ఆఫీసులో చేరిన కొత్తలో ఎదురయ్యే ప్రశ్నల్లో 'మీది ఏ జట్టు' ఒకటి. క్రికెట్టే ఆటగా పెరిగిన తల్లిదండ్రులకు ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు పిల్లలు తెచ్చిస్తారు, పిల్లలకు ఫుటీ నేర్పే ఆస్కిక్ తరగతికి వెళ్లొచ్చి బడిలో స్నేహితుడి జట్టు పేరు చెబుతారు. పక్కనే ఉన్న ఫుట్స్‌క్రే జట్టు కథ ఈ కుటుంబాలకు దగ్గరి కథ. ఊరు మారి వచ్చి, ఎవరూ పెద్దగా పట్టించుకోని పేటలో కుదురుకుని, తమది అనుకున్నదాన్ని చందాలు వేసుకుని కాపాడుకున్న వలస కుటుంబాలు అక్కడ వీళ్లకన్నా ముందే ఉన్నాయి.

ఆ జట్టు 2016లో 7వ స్థానం నుంచి కప్పు గెలిచింది, అంత కిందనుంచి వచ్చి గెలిచిన మొదటి జట్టు అది. కెప్టెన్ బాబ్ మర్ఫీ ఆ ఏడాది మొదట్లోనే మోకాలు దెబ్బతిని ఆటకు దూరమయ్యాడు. దాదాపు పదిహేడేళ్లు ఆ జట్టుకే ఆడినవాడు, కప్పు రోజున ఆడలేక పక్కన నిలబడ్డాడు. కోచ్ ల్యూక్ బెవరిడ్జ్‌కు గెలిచిన కోచ్‌కు ఇచ్చే పతకం ఇచ్చారు. అతను మర్ఫీని వేదిక మీదకు పిలిచి, ఆ పతకం తన మెడలోంచి తీసి అతని మెడలో వేశాడు. మర్ఫీ తర్వాత దాన్ని తిరిగి ఇచ్చేశాడు. కానీ ఆ క్షణంలో 62 ఏళ్లుగా గెలవని వాళ్లందరి తరఫునా ఒకడు పతకం వేసుకున్నట్టు ఆ స్టేడియంలో ఉన్నవాళ్లకు అనిపించి ఉంటుంది. మెల్‌బోర్న్ క్లబ్బు అభిమానులకు ఆ భాగ్యం కూడా లేదు. 2021లో 57 ఏళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు ఆట జరిగింది పెర్త్‌లో, వాళ్లు ఉన్నది కోవిడ్ లాక్‌డౌన్‌లో కర్ఫ్యూ కింద. 74 పాయింట్ల తేడాతో గెలిచిన రాత్రి బయటికొచ్చి పక్కింటివాణ్ని కావలించుకునే వీలు కూడా లేకపోయింది. ఎదురుచూసినవాళ్లకు కప్పు ఎదురుచూసిన రూపంలోనే రావాలన్న నియమం ఏమీ లేదు.

ఇప్పుడు ముందున్న సంగతి. లీగ్ 2028లో 19వ జట్టుగా టాస్మానియాను చేర్చుకోబోతోంది. 2024 మార్చిలో ఆ జట్టు పేరు, రంగులు ప్రకటిస్తే, ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఆ క్లబ్బుకు 10 డాలర్ల వ్యవస్థాపక సభ్యత్వాలు 2 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ ద్వీపానికి అది పండగే. దిగువ జట్లకు మాత్రం గడియారం తిరుగుతున్నట్టు లెక్క. 2011లో గోల్డ్ కోస్ట్, 2012లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ చేరినప్పుడు మేటి కుర్రాళ్లను ముందు వరుసలో ఎంచుకునే అవకాశం కొత్త జట్లకే ఇచ్చారు. అప్పటికే కింద ఉన్న మెల్‌బోర్న్ లాంటి క్లబ్బులకు ఆ ఏళ్లలో మిగిలింది అరకొర. టాస్మానియా విషయంలోనూ డ్రాఫ్ట్‌లో మంచి ఎంపికలు కొత్త జట్టు వైపే మళ్లుతాయి. అంటే ఓడుతూ మొదటి ఎంపికల కోసం కూర్చునే దారి నార్త్‌కు ఇక మూసుకుపోతోంది. 2023లో తొలి సీజన్‌లోనే క్లబ్బు ఉత్తమ ఆటగాడిగా నిలిచిన హారీ షీజెల్, అతనితోపాటు అదే డ్రాఫ్ట్‌లో వచ్చిన జార్జ్ వార్డ్‌లా ఇప్పటికే చేతిలో ఉన్నారు. అనుభవజ్ఞుడైన కోచ్ ఆలస్టర్ క్లార్క్‌సన్ ఉన్నాడు. ఇకపై ఆ బోర్డు సభ్యులకు చెప్పవలసింది రాబోయే కుర్రాళ్ల గురించి కాదు. ఉన్న కుర్రాళ్లలో ఎందరితో దీర్ఘకాల ఒప్పందాలు కుదిరాయి, సీజన్‌కు ఇన్ని విజయాలన్న లక్ష్యం ఏమిటి, అది తప్పితే ఎవరు బాధ్యులు అన్న మూడు ప్రశ్నలకు వార్షిక సమావేశంలో రాతపూర్వకంగా జవాబివ్వాలి. కార్ల్‌టన్, ఎసెండన్ బోర్డులకూ అవే ప్రశ్నలు వర్తిస్తాయి. జవాబు రాకపోతే ఏం చేయాలో ఆ సభ్యులకు ఎవరూ నేర్పనక్కరలేదు, ఓటు వాళ్ల చేతిలోనే ఉంది.